నలభై మూడు వేలిముద్రలు

కర్నూలు రాజధాని అయి మూడో ఏడు నడుస్తోంది. రామసుబ్బయ్య పనిచేసే సెక్షను గుడారంలోంచి రేకుల షెడ్డులోకి మారింది గానీ, మార్చి నెల ఎండకు రెండింటికీ పెద్ద తేడా లేదు. ఆ మంగళవారం మధ్యాహ్నం సూపరింటెండెంటు సుందరం ఒక పలచటి ఫైలు తెచ్చి అతని బల్ల మీద పెట్టాడు. పెట్టినవాడు వెళ్ళిపోకుండా పక్కనే నిలబడ్డాడు.

"అసెంబ్లీ ప్రశ్న. ఎల్లుండి పొద్దున సభలో మంత్రిగారు జవాబు చెప్పాలి. రేపు సాయంత్రానికి చిత్తు నా దగ్గరుండాలి," అన్నాడు.

రామసుబ్బయ్యది ప్రొద్దుటూరు. తాతల నాటి బట్టల అంగడిని అన్నకు వదిలేసి, ఇంటిల్లిపాదీ నవ్వుతున్నా వినకుండా సర్కారు కొలువులో చేరాడు. చేరి మూడేళ్ళయినా కొలువు ఖాయం కాలేదు. ఖాయమయ్యేవాళ్ళ జాబితా నెలాఖరుకు వస్తుందనీ, అందులో తన పేరుండాలంటే సుందరం ఒక మంచి మాట రాయాలనీ అతనికి తెలుసు.

ప్రశ్న అడిగింది కంబన్న అనే ప్రతిపక్ష సభ్యుడు. ఓర్వకల్లు దగ్గర రాళ్ళకొట్టాలలో ఉన్న కరువు శరణాలయాన్ని మూసి, అక్కడి వాళ్ళను కడపకు తరలించి, ఆ కట్టడాన్ని పోలీసు శిక్షణ బడికి ఇవ్వబోతున్న మాట నిజమేనా? నిజమైతే అక్కడున్నవాళ్ళ అభిప్రాయం అడిగారా? ఇది మొదటి భాగం. ఆ బడికి పెద్దగా వేయబోయే అధికారిని పదకొండు నెలలు ఇంగ్లండులో ఉంచి తర్ఫీదు ఇప్పించారు కదా, అందువల్ల ప్రజలకు ఇంతవరకు ఒరిగిందేమిటి? ఇది రెండోది.

మొదటి దానికి జవాబు ఫైల్లోనే ఉంది. యాభై రెండు నాటి కరువులో పెట్టిన గంజి కేంద్రాలు ఎత్తేశాక, తీసుకుపోయే దిక్కులేక మిగిలిపోయిన ముసలివాళ్ళూ చూపులేనివాళ్ళూ నలభై ముగ్గురు ఆ శరణాలయంలో ఉన్నారు. వాళ్ళ సమ్మతి పత్రం ఫైల్లో కుట్టి ఉంది. వరసగా నలభై మూడు పేర్లు, పేరు పేరుకూ ఎదురుగా నల్లటి వేలిముద్ర. రామసుబ్బయ్య గుండ్రటి అక్షరాలతో రాసేశాడు: "అందరి అభిప్రాయమును సేకరించడమైనది. అందరును సమ్మతించినారు."

రెండో దానికి ఫైల్లో ముక్క లేదు. "ఆ అధికారినే అడిగి రాసుకురా," అన్నాడు సుందరం.

ఆ అధికారి పేరు ఓబుళరెడ్డి. డీఎస్పీ. కొండారెడ్డి బురుజు వెనక ఒక అద్దె మేడలో అతని ఆఫీసు. పులివెందుల వైపు మనిషి, నలభై దాటిన వయసు, నవ్వని మొహం. రామసుబ్బయ్య చెప్పిందంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"నావల్ల ప్రయోజనమా? ఏమీ లేదని రాసుకో."

"అట్ల రాస్తే ఎట్ల సార్?"

"ఉన్నది ఉన్నట్ల రాయొద్దా? ఆ మంచులో పదకొండు నెల్లు కూచోబెట్టి వేలిముద్రలు చదివేది నేర్పిచ్చినారు. వచ్చి రెండేండ్లాయ. ఒక్క కేసు కాగితం నా బల్లమీదికి రాలేదు. కానిస్టేబుళ్ళకు బూట్లు ఎన్ని కావల్ల, టోపీలు ఎన్ని కావల్ల, అది రాస్తాండా నేను. ఆ బడి వస్తేనన్నా నేర్చుకున్న ముక్క నలుగురికి చెప్పొచ్చని కాసుకోని ఉండా. మీ సభ్యుడేమో అది కూడా ఆపల్లని చూస్తాండాడు."

ఏం రాసుకోవాలో తెలియక రామసుబ్బయ్య ఫైలు విప్పి ప్రశ్న కాగితం కోసం వెతికాడు. కాగితాలు తిప్పుతుంటే సమ్మతి పత్రం పైకొచ్చింది. ఓబుళరెడ్డి చూపు దాని మీద పడింది. పడి అక్కడే ఆగింది.

"అదిట్ల ఇయ్యి."

సొరుగులోంచి భూతద్దం తీశాడు. కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి మొదటి ముద్ర చూశాడు, నాలుగోది చూశాడు, మళ్ళీ మొదటికి వచ్చాడు. తరువాత పై నుంచి కింది దాకా ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. కింద వీధిలో జట్కా గంట మోగుతూ దూరమైపోయింది.

"ఎంతమంది అంటివి?"

"నలభై ముగ్గురు సార్."

"ఒక్కడు," అన్నాడు ఓబుళరెడ్డి. "కుడి బొటనవేలు కొన్ని తావుల, ఎడమ బొటనవేలు కొన్ని తావుల. కుడిదానికి అడ్డంగా పాత కోత మచ్చ ఉండాది, చూడు. ఇది కూలి చేసిన చెయ్యి కూడా కాదు. మట్టి పనిచేసినోళ్ళ గీతలు ఇంత నున్నగా పడవు, అరిగిపోయి ఉంటాయి."

కాగితం తిరిగి ఇచ్చేశాడు. ఇస్తూ అంచును వెంటనే వదల్లేదు.

"నువ్వు చూపిచ్చలేదు, నేను చూడలేదు. అర్థమాయనా? అది నాకు రావలసిన బడి."

ఆ రాత్రి ఇంట్లో భార్య నాగలక్ష్మమ్మ వడ్డిస్తే రామసుబ్బయ్య ఏం తిన్నాడో అతనికే తెలియదు. పొద్దున లేచి, ఒంట్లో బాగాలేదని సగం రోజు సెలవుచీటీ పంపి, ఓర్వకల్లు బస్సెక్కాడు.

బస్సు దిగి రెండు మైళ్ళు నడిచాడు. ఇటూ అటూ నల్లటి బండల గుట్టలు, మధ్యలో బీడు. శరణాలయం రాతి గోడల పొడుగాటి కట్టడం. వసారా స్తంభం నుంచి బావి గిలక దాకా నడుమెత్తున ఒక మోకు కట్టి ఉంది. ఒక ముసలాయన ఆ మోకు పట్టుకుని, చేతిలో చెంబుతో, తడబడకుండా బావి దగ్గరికి పోతున్నాడు. అతనికి చూపు లేదు. వసారాలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు.

అరవై దాటిన ఒకామె లేచి ఎదురొచ్చింది. పేరు సుంకులమ్మ. అక్కడ ఎవరు వచ్చినా ముందు మాట్లాడేది ఆమేనని కాసేపటికి తెలిసింది.

"ఎవరప్పా నువ్వు? మళ్ళా మంచాలు లెక్కబెట్టనీకి వచ్చినావా?"

"ముందెవరన్నా వచ్చి లెక్కబెట్టినారా అవ్వా?"

"పది దినాల కింద ఒగాయప్ప గొడుగేసుకోని వచ్చినాడు. మంచాలు లెక్కబెట్టె, చెంబులు లెక్కబెట్టె, మా పేర్లు రాసుకునె, పాయె. మంచినీళ్ళు కూడా తాగలేదు."

"వేలిముద్రలు ఏమన్నా ఏపిచ్చుకున్యాడా?"

"లేదే!" సుంకులమ్మ తన బొటనవేలు ఎత్తి చూపింది. పైన చర్మం పగిలి, ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు పడి ఉంది. "ఈ ఏలికి మసి తగిలి ఎన్నేండ్లాయనో."

రామసుబ్బయ్య అసలు సంగతికి వచ్చాడు. "మరి... కడపకు పోయేదానికి మీరంతా ఒప్పుకున్యారంట గదా?"

వసారాలో కాయలు చిట్లే చప్పుడు ఆగిపోయింది. అన్ని మొహాలూ అతని వైపు తిరిగాయి. ఈ కబురు వాళ్ళకు మొదట చెప్పింది తనేనని అప్పుడు తెలిసింది రామసుబ్బయ్యకు.

"కడపకా? ఎవరు? మేమా?" అంది సుంకులమ్మ. "ఏంటికి?"

కట్టడం పోలీసు బడికి కావాలన్న సంగతి చెప్పాడు. ఆమె అతన్ని వసారా మెట్టు మీద కూర్చోమని, తను కింద కూర్చుంది.

"నాకొక కొడుకుండాడు నాయనా. చిన్న ఈరన్న. కరువులో బళ్ళారి దిక్కు పనికి పోయినాడు. పోతా పోతా, అమ్మా, నువ్వు ఈడ్నే ఉండు, యాడికీ పోవద్దు, నేనొచ్చి పిల్చుకోని పోతా అన్న్యాడు. నాలుగేండ్లాయ. వానికి తెలిసిన తావు ఇదొక్కటే. రేపు వాడొచ్చి చూస్తే ఈడ పోలీసోళ్ళు ఉంటే, అమ్మ యాడికి పాయెనని ఎవర్ని అడుగుతాడు? చచ్చిపోయిందనుకోని ఎనక్కి తిరుక్కోని పోతాడు గదప్పా."

అంతలో బావి దగ్గర్నుంచి మోకు పట్టుకునే తిరిగొచ్చిన చూపులేని ముసలాయన, ఓబన్న, అక్కడే ఆగాడు.

"ఆయమ్మ సంగతి అట్ల. నా సంగతి వేరే," అన్నాడు. "నా బిడ్డను కడపలో ఇచ్చినాం. నన్ను అడిగింటే పోతాననే చెప్పిందును. అడగల్ల గదా?"

తిరుగు బస్సులో రామసుబ్బయ్యకు ఓబన్న మాటే చెవుల్లో గింగురుమంది. పోతానని చెప్పాలనుకున్న మనిషికి బదులు కూడా ఇంకొకడి వేలే పడింది ఆ కాగితం మీద.

మధ్యాహ్నం సెక్షనుకు వచ్చి చిత్తు మళ్ళీ రాశాడు. "సమ్మతి పత్రమొకటి అందినది. అందలి ముద్రలు శరణాలయములోని వారివేనా యన్నది పరిశీలించవలసియున్నది." సుందరం చదివి, కళ్ళజోడు తీసి, ఆ రెండో వాక్యాన్ని ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"నేనే పోయి అడిగొచ్చినా సార్."

"ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి!" సుందరం గొంతు తగ్గించాడు. అతను చెడ్డవాడు కాదు. మద్రాసులో ఇరవై ఏళ్ళు ఫైళ్ళ మధ్యే బతికిన మనిషి. "చూడవయ్యా. నువ్వెళ్ళడం ఫైల్లో లేదు. ఆ ముసలామె నీతో అన్నది ఫైల్లో లేదు. ఫైల్లో ఉన్నది నలభై మూడు ముద్రలు. ఫైల్లో ఉన్నదే జవాబు. జాబితా నెలాఖరుకు వస్తోంది, నీ పేరు నేను రాశాను. నా చేత కొట్టేయించకు."

సాయంత్రం అయిదు దాటాక రామసుబ్బయ్య ఫైలు చంకలో పెట్టుకుని మళ్ళీ బురుజు వెనక మేడ ఎక్కాడు. ఆఫీసు ఫైలును అనుమతి లేకుండా బయటికి తేవడం తప్పని తెలిసే తెచ్చాడు. ఓబుళరెడ్డి అతన్ని చూడగానే మొహం చిట్లించాడు.

"మళ్ళా ఏంటికి వచ్చినావు?"

"రెండో దానికి జవాబు రాయల్ల గదా సార్. ఏమీ ప్రయోజనం లేదనే రాయమంటారా?"

రామసుబ్బయ్య నిలబడే సుంకులమ్మ చెప్పింది చెప్పాడు, ఓబన్న అన్నది చెప్పాడు. వాళ్ళకు ఆ వార్త మొదట చెప్పింది తనేనని చెప్పినప్పుడు ఓబుళరెడ్డి తలెత్తి చూశాడు.

"నేను గుమాస్తాను. ముద్రలు ఒకడివేనని నేను రాస్తే దానికి విలువ లేదు. మీరు రాస్తే ఉండాది."

"రాస్తే ఆ బడి రాదు నాకు."

"తెలుసు సార్."

"నీ కొలువు?"

"అదీ తెలుసు."

ఓబుళరెడ్డి కిటికీ దగ్గరికి పోయి వీపు తిప్పుకుని నిలబడ్డాడు. చివరికి తిరగకుండానే అన్నాడు.

"ఆ కాగితం ఈడ పెట్టిపో."

రామసుబ్బయ్య ఫైలును గట్టిగా పట్టుకున్నాడు. ఆ పత్రం పోతే ఇంక రుజువే లేదు. పోగొట్టినవాడు తనే అవుతాడు. ఇచ్చేది ఎవరికి? అది అట్లాగే ఉండిపోతే లాభపడే మనిషికి. తిరిగి ఇస్తారా అని అడగబోయి, ఆ మొహం తనవైపు లేకపోవడంతో అడగలేకపోయాడు. దారం విప్పి, పత్రాన్ని బల్ల మీద పెట్టి, దాని మీద భూతద్దం బరువుగా ఉంచి మెట్లు దిగాడు. మిగిలిన ఫైలును సెక్షనులో తిరిగి పెట్టేసి ఇంటికి పోయాడు.

గురువారం సభ పది గంటలకు. తొమ్మిదికి రామసుబ్బయ్య మేడ దగ్గరికి పోతే తలుపు తాళం వేసి ఉంది. దొర పొద్దున్నే ఎటో పోయాడని వాకిట్లో కానిస్టేబులు చెప్పాడు. రామసుబ్బయ్య దాదాపు పరిగెత్తుకుంటూ సెక్షనుకు వచ్చేసరికి సుందరం ఫైలు ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. పత్రం ఉండాల్సిన చోట విప్పిన దారం వేలాడుతోంది.

"ఏది?" అన్నాడు సుందరం.

రామసుబ్బయ్య బల్ల దగ్గరికి వచ్చాడు. ఉన్నది చెబితే తను పోతాడు. అబద్ధం చెప్పినా పోతాడు. నోరు తెరిచే లోపల వాకిట్లో బూట్ల చప్పుడైంది. ఓబుళరెడ్డి, పూర్తి యూనిఫారంలో, రెండు కాగితాలు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. ఒకటి సమ్మతి పత్రం. రెండోదాని కింద సంతకం, సీలు ఉన్నాయి. రెండూ సుందరం ముందు పెట్టాడు.

"ప్రశ్నలో రెండో భాగానికి జవాబు," అన్నాడు. "ఇంగ్లండుకు పోయొచ్చిన పోలీసోనివల్ల ఏమొరిగిందని అడిగినారు గదా."

సుందరం చదివాడు. పత్రంలోని నలభై మూడు ముద్రల్లో ఇరవై ఆరు ఒకే మనిషి కుడి బొటనవేలివి, పదిహేడు అదే మనిషి ఎడమ బొటనవేలివి. తాను నేర్చిన శాస్త్రం ప్రకారం ఇందులో సందేహానికి తావు లేదు. అంతే ఉంది. సుందరం రెండుసార్లు చదివాడు. గోడ గడియారం పావుతక్కువ పది చూపిస్తోంది.

"ఇది సీలు పడిన కాగితం," అన్నాడు చివరికి. "ఫైల్లోకి వచ్చేసింది. వచ్చిన కాగితాన్ని తీసి పారేసే అధికారం నాకు లేదు." కలం ముంచి పైమూల నంబరు వేశాడు. "రామసుబ్బయ్యా, తీసుకో. మంత్రిగారి చేతికే ఇవ్వు. నేను పంపానని చెప్పు."

సభ మెట్ల మీద మంత్రిగారు ఆ ఫైలు అందుకుని నడుస్తూనే తిరగేశారు. ఒక కాగితం దగ్గర అడుగు ఆగింది. "ఎవరు రాశారిది?" అన్నారు. రామసుబ్బయ్య చెప్పాడు. మంత్రిగారు ఇంకేమీ అనకుండా లోపలికి పోయారు. అధికారుల గ్యాలరీలో చివరి బెంచీ అంచున కూర్చున్న రామసుబ్బయ్యకు ఆ మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

కంబన్న లేచి ప్రశ్న నంబరు చెప్పాడు. మంత్రిగారు లేచారు.

"మొదటి భాగానికి: అవును. శరణాలయంలోని నలభై ముగ్గురి సమ్మతి పత్రం ప్రభుత్వానికి అందింది."

అంతే చదివి ఆగారు. రామసుబ్బయ్య కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది.

కంబన్న మళ్ళీ లేచాడు. "అధ్యక్షా, వాళ్ళను ఎవరు, ఏ దినం, ఎట్ల అడిగినారో మంత్రిగారు సెలవిస్తారా?"

మంత్రిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కింద కూర్చున్న సహచరుడొకాయన కండువా పట్టి లాగి ఏదో గొణిగాడు. మంత్రిగారు ఆ చేతిని మెల్లగా తప్పించారు.

"రెండో భాగం కూడా చదువుతాను. గౌరవ సభ్యులకు రెండింటికీ కలిపి జవాబు దొరుకుతుంది," అని ఓబుళరెడ్డి కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా, సంతకంతో సహా చదివారు.

సభలో రెండు వైపులా సభ్యులు ఒకేసారి లేచారు. అధ్యక్షుడు గంట కొడుతూనే ఉన్నాడు. ఆ గోలలోనే మంత్రిగారు గొంతు పెంచి, మొదటి జవాబును వెనక్కి తీసుకుంటున్నాననీ, ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడిగేదాకా రాళ్ళకొట్టాల నుంచి ఒక్కరిని కూడా కదిలించేది లేదనీ చెప్పి కూర్చున్నారు. రామసుబ్బయ్యకు తన కళ్ళు తడిశాయని పక్కనున్నవాడు జేబురుమాలు ఇచ్చేదాకా తెలియలేదు.

విచారణ జరిగింది. గొడుగు పట్టుకొచ్చిన చిన్న ఉద్యోగి కుడి బొటనవేలికి అడ్డంగా కోత మచ్చ ఉంది. ఒక్క దినంలో ముద్రలు తెమ్మన్నారనీ, ఇంతమందిని కూర్చోబెట్టి అడిగే తీరిక లేక తనే వేశాననీ ఒప్పుకున్నాడు. అతన్ని కొలువు నుంచి తీసేశారు. ఒక్క దినంలో తెమ్మన్నదెవరో ఏ కాగితంలోనూ దొరకలేదు. పోలీసు బడి వేరే ఊరికి పోయింది, దానికి వేరే అధికారిని వేశారు. ఓబుళరెడ్డి బూట్ల లెక్కలు రాసుకుంటూ అదే మేడలో ఇంకో ఏడాది ఉన్నాడు. నెలాఖరు జాబితాలో రామసుబ్బయ్య పేరు లేదు. తను రాసిన పేరును పైవాళ్ళు కొట్టేశారని సుందరం చెప్పాడు. చెప్పేటప్పుడు అతని కళ్ళలోకి చూడలేకపోయాడు.

ఏప్రిల్లో రాళ్ళకొట్టాలకు కొత్త అధికారి ఒకాయన వచ్చాడు. రాతపనికి రామసుబ్బయ్యను వెంట తెచ్చుకున్నాడు. వసారాలో బల్ల వేసి ఒక్కొక్కరినే పిలిచారు. పొద్దున మొదలైతే పొద్దు వాలేదాకా పట్టింది. పద్నాలుగు మంది కడపకు పోతామన్నారు. ఓబన్న అందరికంటే ముందు చెప్పి, వేలు మసిలో అద్ది, కాగితం ఎక్కడుందో తడుముకుంటూ గట్టిగా నొక్కాడు. ఇరవై ఎనిమిది మంది ఇక్కడే ఉంటామన్నారు.

ఆఖరున సుంకులమ్మ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది. రామసుబ్బయ్య పేరు రాసుకుని అడిగాడు.

"అవ్వా, కడపకు పోతావా, ఈడ్నే ఉంటావా? నీ ఇష్టమేమి?"

ఆమె బల్ల వైపు చూసింది, అధికారి వైపు చూసింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

"వినపడలేదా అవ్వా?"

"వినపడింది నాయనా," అంది. "నా ఇష్టమేమని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. ఇంగొకసారి అడుగు."

రామసుబ్బయ్య కలం కింద పెట్టి, లేచి నిలబడి, ఇంకొకసారి అడిగాడు.

"ఉంటా," అంది సుంకులమ్మ. "ఈడ్నే ఉంటా. రాసుకో."